అమెరికా హోటళ్ళు - చిల్లర కబుర్లు

హాలీవుడ్ సినిమాల్లో మీకు బాగా నచ్చేదేమిటని అడిగితే ఫైట్లనో, కార్ల ఛేజింగులనో, లేకపోతే మరొకటనో చెబుతారు (ఆ మరొకటి ఏమిటో నేను అడగను, మీరు చెప్పొద్దు!). నా మటుకు నాకు హోటలు సీన్లంటే ప్రాణం. రోడ్డు పక్కన అద్దాల గోడల హోటలు... పొడుగాటి కౌంటరు, దాని ముందు గుండ్రటి స్టూళ్ళు... ఎర్ర రెక్సిను సీట్లు... ఏప్రను కట్టుకున్న అమ్మాయి కాఫీ జగ్గుతో వచ్చి, అడక్కుండానే కప్పు నింపేసి పోతుంది. దిగాలుగా కూర్చున్న హీరోని 'ఏమయ్యా, అలా ఉన్నావేం?' అని పలకరిస్తుంది కూడాను. ఇలాంటి హోటలుని వాళ్ళు డైనర్ అంటారు. 'ఫైవ్ ఈజీ పీసెస్' (1970)లో జాక్ నికల్సన్ టోస్టు కోసం పేచీ పెట్టుకున్నది ఇలాంటి చోటే. 'పల్ప్ ఫిక్షన్' (1994) మొదలయ్యేదీ, పూర్తయ్యేదీ కూడా ఇలాంటి చోటే.

మరి నిజం హోటలు ఎలా ఉంటుంది? అక్కడి కాఫీ ఎలా ఉంటుంది? చూసే యోగం మొన్న పట్టింది. ఓ తెలుగు సంఘం వారు తమ సభల గురించి రాయమని మూడు వారాలు పిలిపించారు. విమానం టిక్కెట్టు వారిది, తిండి ఖర్చు నాది. నేను ఏ పత్రికకీ నెల జీతగాణ్ణి కాను, రాసిందానికే డబ్బులు. అంచేత ఎక్కడ తిన్నా బిల్లు కింద నుంచి పైకి చదివే అలవాటు. ఈ వారం కబుర్లన్నీ ఆ బిల్లుల మీద రాసినవే అనుకోండి.

మొదట న్యూయార్క్. దిగిన మర్నాడే కాట్జ్ డెలికటెసెన్‌కి పోయాను. 1888 నుంచీ ఉన్న హోటలది. యూదుల వంటకాలకి పేరు. కానీ మనబోటి సినిమా పిచ్చివాళ్ళు పోయేది అందుకు కాదు. 'వెన్ హ్యారీ మెట్ శాలీ' (1989)లో మెగ్ రయాన్ నడిహోటల్లో అందరూ వింటుండగా చేసే ఆ అల్లరి సీను తీసింది ఇక్కడే. సీను వివరాలు రాస్తే ఎడిటరు గారు కత్తెర తీస్తారు, చూసినవాళ్ళు నవ్వుకోండి. ఆఖర్న పక్క బల్ల పెద్దావిడ 'ఆ అమ్మాయి తిన్నదే నాకూ పట్రా' అన్న అర్థంలో ఓ ముక్క అంటుంది చూడండీ, ఆవిడ ఎవరో కాదు, దర్శకుడు రాబ్ రైనర్ తల్లి! ఆ బల్ల మీదుగా ఇప్పటికీ ఓ బోర్డు వేలాడుతూ ఉంటుంది. నేను వెళ్ళిన పూట ముగ్గురు అమ్మాయిలు అక్కడ కూర్చుని ఆ సీను వంతులవారీగా అభినయించుకుంటూ ఫోన్లలో తీసుకుంటున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తల ఎత్తితే ఒట్టు! వాళ్ళకిది రోజూ ఉండే మ్యాటినీ కాబోలు.

లోపలికి అడుగు పెట్టగానే మనిషికో టిక్కెట్టు ఇస్తారు, అచ్చం సినిమా హాల్లో లాగానే. ఏం తీసుకున్నా దాని మీద రాస్తారు, పోయేటప్పుడు దాన్నిబట్టి డబ్బు కట్టాలి. టిక్కెట్టు పారేసుకుంటే యాభై డాలర్లు జరిమానా! నేను తిన్నంతసేపూ ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యలేదు.

వాళ్ళ ప్రత్యేకత పస్ట్రామి. ఉప్పునీళ్ళలో ఊరేసిన మాంసానికి మిరియాలూ, ధనియాలూ పట్టించి, పొగబెట్టి, ఆపైన ఆవిరి మీద మెత్తబడేదాకా ఉంచుతారు. గొడ్డు మాంసం గనక నేను ముట్టలేదు గానీ, ఆ ధనియాల వాసనకి మాత్రం ప్రాణం లేచొచ్చిన మాట నిజం. కౌంటరు వెనకాల కత్తి పట్టుకున్న పెద్దాయన ముక్కలు కోస్తూ కోస్తూ ఒక ముక్క రుచి చూడమని ప్లేట్లో పెట్టి ఇస్తాడు. ఆయన పక్కనే చిల్లర వేసే డబ్బా. అప్పుడు దాని మీద నాకంత ధ్యాస లేదు... ముందుముందు ఈ డబ్బా కథే మనకి హీరో అవుతుంది. నేను తిన్నది లాట్కే. బంగాళాదుంప తురుముతో నూనెలో వేసిన అట్టు. పైన ఆపిల్ గుజ్జు! ఉప్పటి అట్టులో తియ్యటి గుజ్జేమిటని నవ్వుకుంటూ మొదలుపెట్టి, ప్లేటు నాకినంత పని చేశాను. ధర మాత్రం... శాండ్‌విచ్ ఒక్కటీ పాతిక డాలర్ల పైమాటే. రూపాయల్లోకి మార్చుకుంటే ముద్ద దిగదు. మార్చకండి.

ఇక బ్రాడ్వే మీద 112వ వీధి మూల టామ్స్ రెస్టారెంట్. 'సైన్‌ఫెల్డ్' (1989-98) టీవీ సీరియల్లో నలుగురు స్నేహితులూ చేరే హోటలు ఇదే అని జనం విరగబడి ఫొటోలు దిగుతారు. అసలు సంగతేమిటంటే ఇక్కడ తీసింది బయట బోర్డు మాత్రమే. లోపలి దృశ్యాలన్నీ లాస్ ఏంజిల్స్‌లో వేసిన సెట్టు! మన వాళ్ళు గుడి గోపురం ఒక ఊళ్ళో, గర్భగుడి ఫిలిం సిటీలో తీసినట్టే. లోపల కాఫీ తాగాను. ఫరవాలేదు.

న్యూయార్క్ నుంచి డల్లాస్. సభలు అక్కడే. మా పిన్ని కొడుకు అక్కడ ఉద్యోగం. వాడి కారు, వాడి ఖాళీ గది, వాడి సలహాలూ నావే. సభల భోజనాల సంగతి రాయను. బంతిలో మూడు వేలమంది ఉన్నప్పుడు పప్పు చల్లారిందని రాయడం అన్యాయం. పొద్దుటి ఫలహారాల గురించి మాత్రం చెప్పి తీరాలి.

బి.యస్సీ. ప్రాక్టికల్ పరీక్షలో వైవాకి కూడా నాకంత చెమట పట్టలేదండీ! రెండు గుడ్లు కావాలన్నాను. 'ఎలా కావాలి?' పచ్చసొన పైకి కనపడేటట్టా, తిరగేసి కాస్త వేయించా, బాగా వేయించా, చిదిపి పొరటులా చెయ్యనా? సరే, ఒకటి చెప్పాను. 'రొట్టె?' తెల్లదా, గోధుమదా, రై దా, పులిసిన పిండిదా? 'బంగాళాదుంప?' తురిమి వేయించా, ముక్కలు వేయించా? 'జ్యూసు?'... ఇన్ని ప్రశ్నలు పెళ్ళిచూపుల్లో అడిగితే పెళ్ళికొడుకు పారిపోతాడు. తీరా ప్లేటు వచ్చాక చూస్తే అది మనిషికి పెట్టిందా, కుటుంబానికా! పాన్‌కేకులు మూడు, దిబ్బరొట్టె మందాన, వాటి మీద వెన్న ఉండ. మంచినీళ్ళ గ్లాసులో ముప్పాతిక ఐసు.

టెక్సాస్ హోటళ్ళలో పేర్లని నమ్మితే ఇంతే సంగతులు. బిస్కెట్ అంటే మన టీలో ముంచుకునేది కాదు. మెత్తటి ఉప్పు బన్ను. దాని మీద తెల్లటి పిండిజావ లాంటి గ్రేవీ పోస్తారు, అందులో పందిమాంసం ముక్కలుంటాయి. చికెన్ ఫ్రైడ్ స్టీక్ అని ఇంకోటి. పేరులో కోడి ఉంటుంది, ప్లేటులో ఉండదు! గొడ్డుమాంసాన్ని కోడి వేపుడు పద్ధతిలో పిండిలో ముంచి వేయిస్తారు. మనవాళ్ళు చాలామంది కొత్తలో ఈ పేరు చూసే బోల్తా పడతారని మావాడు ముందే చెవిన వేశాడు.

మెచ్చుకోవలసింది ఒకటుంది. మిగిలింది డబ్బాలో పెట్టించుకుని తీసుకుపోవడానికి అక్కడెవరూ సిగ్గుపడరు. సూటు వేసుకున్న పెద్దమనిషి అర ముక్క కేకు చేత్తో పట్టుకుని దర్జాగా నడిచిపోతాడు. మన దగ్గర ఆ మాట అడగాలంటే నలుగురు చూస్తారేమోనని సగం బిర్యానీ వదిలేసి లేచే బాపతు ఎంతమంది లేరు!

ఇక అసలు కథ. ఓ రాత్రి డల్లాస్ నుంచి ఆస్టిన్ పోతున్నాం. మూడు గంటల పైచిలుకు దారి. పదకొండు దాటాక రోడ్డు పక్కన దీపాలు కనపడ్డాయి. అచ్చంగా నా కలలోని డైనరే! అద్దాలు, కౌంటరు, ఎర్ర సీట్లు, అన్నీ ఉన్నాయి. కాఫీ జగ్గు కూడా వచ్చింది. అయితే పట్టుకొచ్చింది సినిమాలో అమ్మాయి కాదు, అరవై ఏళ్ళ ముసలావిడ. మోకాలు నొప్పి కాబోలు, ఒక కాలు ఈడుస్తూ నడుస్తోంది. 'ఏం నాయనా, ఏం తింటావ్?' అన్నట్టు నన్ను 'హనీ' అంది. మావాణ్ణీ 'హనీ' అంది. మూల కూర్చున్న లారీ డ్రైవర్నీ అంతే.

కాఫీ మూడోసారి మరగబెట్టిన డికాషను. ఆమ్లెట్టు చెప్పు అట్ట. వేయించిన దుంపల్లో ఒకవైపు బొగ్గు, ఒకవైపు పచ్చి. బిల్లు 31 డాలర్లు! నాకు ఒళ్ళు మండింది. మావాడు చూస్తే నెమ్మదిగా ఎనిమిది డాలర్లు తీసి కప్పు కింద పెడుతున్నాడు.

'ఏరా, ఈ తిండికి మళ్ళీ టిప్పు కూడానా?' అన్నాను.

'తిండి వండింది ఆవిడ కాదుగా అన్నయ్యా. ఆవిడ గంట జీతం ఎంతో తెలుసా?'

'ఎంత?'

'రెండు డాలర్ల పదమూడు సెంట్లు.'

నేను నమ్మలేదు. మర్నాడు చూసుకుంటే అక్షరాలా నిజం! టిప్పులొచ్చే పనివాళ్ళకి యజమాని చేతి నుంచి ఇవ్వవలసిన కనీస కూలి, అమెరికా కేంద్ర చట్టం ప్రకారం గంటకి 2.13 డాలర్లు. టెక్సాస్‌లో ఇదే లెక్క. ఎప్పటి నుంచి? 1991 నుంచి. అంటే మన 'గ్యాంగ్ లీడర్' వచ్చిన ఏడాది! 'ఆదిత్య 369' వచ్చిందీ ఆ ఏడే. ఆ సినిమాలో టైం మెషిన్ ఎక్కి ముందుకొచ్చి చూసినా ఆ జీతం అంకె మాత్రం మారి ఉండదన్నమాట! మామూలు పనివాళ్ళ కేంద్ర కనీస కూలి 7.25 డాలర్లు, అదీ 2009 నుంచి కదల్లేదు. టిప్పులు కలిపినా ఆ 7.25 రాకపోతే తక్కువ పడ్డది యజమానే వెయ్యాలని చట్టంలో ఉంది. ఉంటుంది! అడిగి పుచ్చుకునే ధైర్యం అరవై ఏళ్ళ మోకాలు నొప్పి మనిషికి ఉందా అన్నది చట్టంలో లేదు.

టరాంటినో మొదటి సినిమా 'రిజర్వాయర్ డాగ్స్' (1992) గుర్తుందా? దొంగలంతా హోటల్లో ఫలహారం చేసి లేవబోతుంటే మిస్టర్ పింక్ అనేవాడు టిప్పు ఇవ్వనుగాక ఇవ్వనని పేచీ పెడతాడు. స్టీవ్ బుసెమీ వేశాడు ఆ వేషం. చివరికి బాసు గదమాయిస్తే గానీ డాలరు తియ్యడు. కాలేజీలో అది చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. (తమాషా ఏమిటంటే రెండేళ్ళ తర్వాత 'పల్ప్ ఫిక్షన్'లో అదే బుసెమీకి సర్వరు వేషం ఇచ్చాడు టరాంటినో!) నా మనసులో మాట చెబుతున్నాను, తిట్టుకున్నా సరే: వాదనలో మిస్టర్ పింక్‌దే రైటు. పని చేయించుకునేవాడు జీతం ఇవ్వాలి. తినడానికొచ్చినవాడి దయాధర్మం మీద దాన్ని వదిలెయ్యడం ఏం పద్ధతి? కానీ ఆ తగువు యజమానితో పడాలి. కప్పు కింద డబ్బు పెట్టకుండా పోతే ఆ దెబ్బ తగిలేది జగ్గు పట్టుకున్న ఆవిడకి. ఆ రాత్రి మావాడి ఎనిమిదికి నేను రెండు కలిపాను. వాడు చూడనట్టు నటించాడు, బాగానే నటిస్తాడు.

ఈ సర్వర్ల బతుకు గురించి హాలీవుడ్ వాళ్ళు బొత్తిగా తియ్యలేదని కాదు. మార్టిన్ స్కోర్సేసీ 1974లోనే 'ఆలిస్ డజంట్ లివ్ హియర్ ఎనీమోర్' తీశాడు. మొగుడు పోయిన ఆడది పిల్లాణ్ణి వెంటబెట్టుకుని, పాటగత్తె కావాలని బయల్దేరి, హోటల్లో ప్లేట్లు మోస్తుంది. ఎలెన్ బర్స్టిన్‌కి ఆస్కార్ వచ్చింది. దొరికితే చూడండి, అందులో హోటలు చప్పుడు వింటే చాలు.

ఆస్టిన్ నుంచి వచ్చాక మరో ముచ్చట. ఓ పెద్ద హీరో సినిమా ప్రీమియర్ పడింది. అక్కడ మనకన్నా ముందు రోజు రాత్రే వేస్తారుగా! హాల్లో కాగితాలు, ఈలలు, డాన్సులు... కళ్ళు మూసుకుంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఉన్నట్టే. ఆట వదిలాక అర్ధరాత్రి జనమంతా బిర్యానీకి బయల్దేరారు. మేం వెళ్ళింది ఓ తెలుగువారి హోటలు. పేరెందుకు లెండి. బిర్యానీ బాగుంది, అబద్ధం ఆడను. మసాలా దమ్ముగా పట్టింది. చికెన్ 65 మాత్రం హోలీ రంగులో ముంచి తీసినట్టుంది. సినిమా హిట్టా ఫట్టా అని బల్లబల్లకీ అరుచుకుంటున్నారు.

మావాడు సినిమా గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ప్లేట్లు తీసే కుర్రాణ్ణే చూస్తున్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. కళ్ళు నిద్రకి పడిపోతున్నాయి.

'స్టూడెంటు' అన్నాడు మెల్లగా.

'నీకెలా తెలుసురా?'

'నేనూ అలాగే ఉండేవాణ్ణి అన్నయ్యా.'

అప్పుడు చెప్పాడు. ఎం.ఎస్. చదివే రోజుల్లో ఇంకో ఊళ్ళో, ఇంకో తెలుగు హోటల్లో ఏడాదిపాటు గిన్నెలు తోమాడట. చదువు వీసా మీద వెళ్ళినవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో యూనివర్సిటీ ఆవరణలోనే, అదీ వారానికి ఇరవై గంటలే పని చెయ్యాలి. ఆ ఉద్యోగాలు నాలుగు, అడిగేవాళ్ళు నాలుగొందలు. ఇంటి మీద అప్పు ఉంది, అద్దె కట్టాలి. దాంతో దొంగచాటుగా హోటలు వంటింట్లో చేరాడు. గంటకి ఇంతని చేతి డబ్బు. నెలాఖరుకి ప్లేటు పగిలిందని కొంత కోత, ఆలస్యమైందని కొంత కోత. జనం కార్డు మీద రాసే టిప్పు ఏనాడూ కుర్రాళ్ళకి చేరేది కాదట. పనివాళ్ళ టిప్పుల్లో యజమాని చెయ్యి పెట్టకూడదని 2018లో చట్టం గట్టిగా రాశారు. 'మరి ఫిర్యాదు చెయ్యలేకపోయావా?' అన్నాను.

'ఎవరికి అన్నయ్యా? ముందు నా వీసా పోతుంది. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు.'

పిన్ని ఫోను చేస్తే లైబ్రరీలో ఉన్నాననేవాడట. గిన్నెల మోత వినపడకూడదని మాంసం దాచే చల్లటి గదిలోకి పోయి, తలుపు వేసుకుని మాట్లాడేవాడట. 'అమ్మ ఎప్పుడూ అడిగేది, ఏరా గొంతు వణుకుతోందేమిటి, జ్వరమా అని.'

పిన్నికి ఇప్పటికీ తెలియదు. ఆవిడ సినిమా పత్రికలు చదవదు గనక రాస్తున్నాను. వాణ్ణి అడిగే రాస్తున్నాను. 'రాయి, పేరు మాత్రం వద్దు' అన్నాడు. మీలో ఎం.ఎస్. అంటూ కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నవాళ్ళు చాలామందే ఉంటారు. ఫీజు ఎంత, ఊరు ఏది అని అడుగుతారు గానీ, మొదటి ఏడాది అద్దె ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగేవాళ్ళు తక్కువ. అడగండి. ఆ ఆశల బళ్ళు బయల్దేరే ముందరి సంగతులు శేఖర్ కమ్ముల 'డాలర్ డ్రీమ్స్' (2000)లో చూపించాడు. దిగిన తర్వాతి వంటింటి సినిమా ఇంకెవరైనా తీస్తే నేను మొదటి ఆటకే పోతాను.

లేచేటప్పుడు మావాడు కార్డు కాగితం మీద టిప్పు గళ్ళో సున్న చుట్టాడు. కౌంటరులో ఆయన మొహం చిట్లించాడు. మావాడు బయటికి పోతూ, ప్లేట్లు తీసే కుర్రాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మడిచిన నోటు చేతిలోంచి చేతిలోకి ఎలా పోయిందో పక్కనే ఉన్న నాకే కనపడలేదు.

ఆఖరి మజిలీ లాస్ ఏంజిల్స్. విమానాశ్రయం దగ్గర్లో రాండీస్ డోనట్స్ చూశాను. కొట్టు కప్పు మీద ఇంటంత డోనట్ బొమ్మ ఉంటుంది. 'ఐరన్ మ్యాన్ 2' (2010)లో రాబర్ట్ డౌనీ జూనియర్ ఆ చిల్లులోనే చతికిలబడి తింటాడు. మన గారెకి తియ్యటి తమ్ముడు. రెండు తిన్నాను, మూడోది జేబు ఒప్పుకున్నా పొట్ట ఒప్పుకోలేదు. కాలిఫోర్నియాలో లెక్క వేరు. టిప్పు వచ్చినా రాకపోయినా సర్వరుకి పూర్తి కనీస కూలి ఇవ్వాల్సిందే. 2024 ఏప్రిల్ నుంచి పెద్ద ఫాస్ట్‌ఫుడ్ కంపెనీల దుకాణాల్లో గంటకి 20 డాలర్లు చేశారు. ధరలు మండిపోతున్నాయని అక్కడివాళ్ళు గొణుగుతారు. గొణగనీండి.

హాలీవుడ్‌లో ఓ హోటల్లో భోంచేశాను. అక్కడి సర్వర్లలో సగం మంది వేషాల కోసం వచ్చినవాళ్ళేనని వింటూనే ఉంటాం కదా, నాకు తగిలినవాడూ అంతే. ఆ రోజు స్పెషల్స్ చెప్పడమే ఓ ఏకపాత్రాభినయం! చేప పేరు చెప్పేటప్పుడు గొంతు గద్గదమైంది. నేను సినిమా పత్రికలకి రాస్తానని తెలియగానే జగ్గు బల్ల మీద పెట్టేశాడు. వచ్చి నాలుగేళ్ళయిందట. రెండు అడ్వర్టైజ్‌మెంట్లు, ఓ సినిమాలో వీపు కనపడే వేషం. ఆడిషన్ ఉన్న రోజు డ్యూటీ మార్చుకుంటాడట.

'మీ ట్రిపుల్ ఆర్ రెండుసార్లు చూశాను. మీ సినిమాల్లో తెల్లవాళ్ళకి వేషాలు దొరుకుతాయటగా?' అని అడిగాడు.

'దొరుకుతాయి. ఎక్కువగా బ్రిటిష్ ఆఫీసరు వేషాలే. మొదటి సగంలో రైతుల్ని తన్నాలి, రెండో సగంలో హీరో చేతిలో తన్నులు తినాలి' అన్నాను.

కాసేపు ఆలోచించాడు. 'తన్నులు తినే రోజున భోజనం వాళ్ళే పెడతారా?'

'పెడతారు. యూనిట్ భోజనం. పప్పు, ఆవకాయ, పెరుగు.'

'టిప్పు ఎంత ఇవ్వాలి?'

'అక్కర్లేదు' అన్నాను.

నమ్మలేనట్టు నా మొహంలోకి చూసి, బిల్లు యంత్రం నా ముందు పెట్టాడు. 18, 20, 22 అని మూడు మీటలు వెలుగుతున్నాయి. ఇరవై నొక్కాను.

(వచ్చే వారం: లాస్ ఏంజిల్స్ స్టూడియోల్లో టిక్కెట్టు కొనుక్కుని తిరిగిన కబుర్లు)